పరుపు మీది బరువు

భర్త ఫ్లాయిడ్ పోయాక విల్మా ఒంటరిగా కారు వెనక తగిలించే ట్రెయిలర్ ఇల్లు లాక్కుని, ఇద్దరూ ఏటా వచ్చే మోంటానాలోని ఆ సరస్సు ఒడ్డుకు రావడం అదే మొదటిసారి. పల్లంలో ఉన్న చక్రం కింద చెక్కలు పేర్చి, ట్రెయిలర్ సమంగా నిలిచేదాకా సరిచేసింది.

"భలే కుదిర్చావు విల్మా! మీ ముసలోడైతే ఈపాటికి చెక్కల్ని బండబూతులు తిడుతుండేవాడు," అన్నాడు పక్క ట్రెయిలర్ ఓర్విన్.

విల్మా చాన్నాళ్లకు నవ్వింది.

ఆ అర్ధరాత్రి ట్రెయిలర్ కింది స్ప్రింగులు కిర్రుమన్నాయి. ట్రెయిలర్ మెల్లగా ఒక పక్కకు ఒరిగింది. ఎవరో వచ్చి కూర్చున్నట్టు పక్కన పరుపు కుంగింది. ఆమెకు భయం వేయలేదు.

"వచ్చావా, ఫ్లాయిడ్?"

పక్కనుంచి ఊపిరి వినిపించింది.

చెయ్యి చాచబోయి ఆగిపోయింది. చివరి రోజుల్లో ఫ్లాయిడ్‌ని ఆమే చంటిపిల్లాడిలా ఎత్తి పడుకోబెట్టేది. అంత తేలికైపోయాడు.

ట్రెయిలర్ ఇంకా ఒరుగుతూనే ఉంది.