ఎర మెయిల్

బిష్కెక్‌లో విశ్వవిద్యాలయాల కంప్యూటర్ సిబ్బంది సదస్సు. ఎవరు మోసపోతారో చూద్దామని వారం ముందే నేను అందరికీ ఒక ఎర మెయిల్ పంపాను. "చాన్నాళ్లయింది. ఎలా ఉన్నారు?" అన్న మాట, కింద నొక్కడానికో లింకు. అంతే.

"నూట నలభై మందిలో ఒక్కరే నొక్కారు," అన్నాను వేదిక మీద, పేరు చెప్పకుండా.

"ఎవరండీ ఆ మహానుభావుడు?" అని ముందు వరుసలోంచి ఎవరో అరిచారు. హాలంతా ఘొల్లున నవ్వింది.

నరిన్ కొండల కాలేజీలో కంప్యూటర్లన్నీ ఒంటిచేత్తో చూసుకునే కల్మూర్జా వెనక వరుసలో లేచాడు.

"నేనేనమ్మా."

"దొంగ మెయిలని పోల్చుకోలేదా అన్నా?"

"చూడగానే తెలిసింది. మా వాళ్లకి ఈ పాఠం చెప్పేదే నేను."

"మరి?"

"ఏడాది పొడుగునా నాకొచ్చేవన్నీ 'ప్రింటరు ఆడట్లేదు, ఎప్పుడొస్తావ్' అనేవే. ఎలా ఉన్నారని అడిగింది ఇదొక్కటే. దొంగైతేనేం, పలకరించాడు కదా అనిపించింది."

మళ్లీ నవ్వులు. నాకు నవ్వు రాలేదు.

ఆ మెయిల్లో ఏం రాయాలా అని నేను బుర్ర బద్దలుకొట్టుకోలేదు. నాకు ఏ మెయిలొస్తే కళ్లు మూసుకుని నొక్కేస్తానో, అదే రాశాను.