పదో కుర్చీ

ఏడో నంబరు బల్ల దగ్గర పదో కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. ఎనిమిది దాటి పది నిమిషాలైంది. ఎనిమిదిన్నరకు గంట కొడతారు. టైలరమ్మ గుండె ఆమె మిషను కన్నా వేగంగా కొట్టుకుంటోంది.

చదువుకోవాలని ఉండి స్తోమత లేనివాళ్లను కాలేజీలో చేర్పించేందుకు పెట్టిన ఉదయపు విందు అది. ఒక్కో బల్లకు ఒక్కో పెద్ద. తెలిసినవాళ్లను పిలుచుకొచ్చి, వాళ్లకు మర్యాదలు చేసి, ఆ బల్ల తరఫున ఒకరిని చదివించాలి. ఆ ఒకరి వివరాలూ సీటు కాగితమూ ఒక కవరులో పెట్టి, అంటించి, బల్ల పెద్దకు ముందే ఇస్తారు. గంట కొట్టాక అందరి ముందూ చేతికి అందించాలి. అంతవరకూ విప్పకూడదు. ఆ సమయానికి మనిషి లేకపోతే సీటు జాబితాలో తర్వాతివాళ్లకు పోతుంది.

అందుకే టైలరమ్మకు నిలబడ్డ చోట కాళ్లు ఆగడం లేదు. చేతి చెమటకు కవరు తడుస్తుందేమోనని జేబురుమాలులో చుట్టి పట్టుకుంది. బల్ల పెద్ద అని రాసిన బ్యాడ్జి గుండె మీద వేలాడుతోంది. దాని మీద పేరు ఉంది గానీ ఫొటో లేదు. బ్యాడ్జి కోసమే అని చెప్పి కూతురు నెల కిందట స్టూడియోకు లాక్కెళ్లి ఫొటో తీయించింది, బల్ల తాలూకు కాగితాలంటూ నాలుగు సంతకాలూ పెట్టించింది. తీరా చూస్తే ఫొటో వేయలేదు. బాగా లేదని తీసేసి ఉంటారని పొద్దున్నే కాసేపు చిన్నబుచ్చుకుంది కూడా.

"అమ్మా, కాసేపు కూర్చో," అంది నర్సు పని చేసే ఆ కూతురు.

"నేను కూర్చుంటే వచ్చే పిల్ల ఎక్కడ కూర్చుంటుందే? ఉన్నది ఒక్క కుర్చీ."

పక్క బల్లల పెద్దలందరూ దర్జాగా కూర్చుని టీ తాగుతున్నారు. వడ్డించాల్సినవాళ్లు అలా కూర్చోవడం ఏం మర్యాదో ఆమెకు అర్థం కాలేదు. రెండు ఉడికించిన గుడ్లు, రొట్టె ముక్కలు, కాసిని పండ్లు ఒక ప్లేటులో సర్ది, చల్లారకుండా పైన ఇంకో ప్లేటు బోర్లించి, ఖాళీ కుర్చీ ముందు పెట్టింది.

ఆ పిల్లకు బస్సు దొరకలేదేమో. దొరికినా దారిలో బోల్తా పడిందేమో. మంచి బట్టలు లేవని గేటు దాకా వచ్చి వెనక్కి పోయిందేమో. ఒక్కో అనుమానాన్నీ టైలరమ్మ పైకే అంటుంటే, ఆడపడుచు నవ్వు ఆపుకోలేక కూతురి వైపు తిరిగింది.

"మీ అమ్మ సంగతి తెలిసిందేగా. పోయినేడు నీతో పందెం కట్టి పన్నెండో తరగతి పరీక్ష రాసింది. ఫలితాలొచ్చేదాకా తప్పానని ఏడ్చింది. ఫస్టు క్లాసు వచ్చాక, అవి ఎవరి మార్కులో అని ఇంకో వారం ఏడ్చింది."

అదే బల్ల దగ్గర కూర్చున్న, వాళ్ల వీధి బేకరీ ఆయనకు టీ పొలమారింది. కూతురు రొట్టె ముక్క నోట్లో కుక్కుకుని తల దించుకుంది.

టైలరమ్మ వాళ్లను పట్టించుకోలేదు. గేటు దాకా పరిగెత్తి కాపలా ఆయన్ను అడిగింది. చేతులు కడుక్కునే చోట ఎవరైనా ఏడుస్తూ నిలబడ్డారేమోనని వెతికింది. వరండాలో సన్నగా, బెరుగ్గా ఉన్న ఒక పిల్ల ఎదురైతే ప్రాణం లేచొచ్చినట్టయింది. ఏ బల్లమ్మా నీది అని చెయ్యి పట్టుకుంది.

"అన్ని బల్లలూ నావే ఆంటీ. టీ పట్టుకురానా?" అంది ఆ పిల్ల, రెండో చేతిలో ట్రే సర్దుకుంటూ.

గంట కొట్టారు. ఒక్కో బల్ల దగ్గరా ఒక్కొక్కరు లేచి కవరు అందుకుంటున్నారు. చప్పట్లు ఆరో బల్ల దాకా వచ్చేశాయి. టైలరమ్మ ఇక ఆగలేక, జాబితా పట్టుకుని నిలబడ్డ కళ్లజోడు మేడం దగ్గరకు వెళ్లింది.

"ఒక్క పది నిమిషాలు ఆగండమ్మా. ఎవరు కన్న బిడ్డో, దానికి వచ్చిన సీటు ఇంకొకరికి ఇచ్చేయకండి. అడ్రసు చెప్పండి, నేనే పోయి తీసుకొస్తాను."

మేడం జాబితా చూసింది. ఏడో బల్ల వైపు చూసింది. అక్కడ తొమ్మిది మందీ తినడం మానేసి ఇటే చూస్తున్నారు.

"అడ్రసు కవర్లోనే ఉంది. విప్పండి."

"విప్పకూడదన్నారుగా."

"ఇప్పుడు విప్పొచ్చు."

టైలరమ్మ, గట్టి కుట్టు విప్పినంత జాగ్రత్తగా, కవరు అంచు గోటితో విప్పింది. కాగితం కింది భాగంలో అడ్రసు ఉంది. తన వీధే. తన ఇంటి నంబరే. ఆమెకు ఒక్కసారిగా అంతా అర్థమైపోయింది.

"చూశారా, ఎంత పని జరిగిందో. పొరపాటున ఆ పిల్ల అడ్రసుకు బదులు మా ఇంటి అడ్రసు వేశారు. పాపం, దానికి కబురే అంది ఉండదు."

"పైన ఫొటో కూడా ఉంది, చూడండి," అంది మేడం.

టైలరమ్మ కాగితం మడత పూర్తిగా విప్పింది. ఫ్లాషు ఎక్కడ పేలుతుందోనని కళ్లు ఇంతేసి చేసుకుని, కాగితంలోంచి తనే తన వైపు భయంభయంగా చూస్తోంది.