నిండిన వరుస

మగ్గం గుంతలోంచే అనంతమ్మ, పక్కన మనవరాలు ఆడుతున్న వీడియో గేమ్‌లోకి తొంగిచూసింది. పైనుంచి రాలే ఇటుకలతో ఒక వరుస నిండిందో లేదో, ఆ వరుస కాస్తా మాయమైంది.

“పోయిన జములమ్మ జాతరల గిది కొన్నప్పటి సంది గోడ కడ్తనే ఉన్నవ్. ఏడాదాయె. నిండిందల్ల పోతుంటే ఇగ ఏం మిగిలిందే?”

“నిండితే పోవాలె అవ్వా. గదే ఆట,” అంది భాగ్యలక్ష్మి తలెత్తకుండానే.

“గదేం ఆటనే. మగ్గం మీద నేసింది నిలుస్తది.”

“నలభై ఏండ్ల సంది పట్టుచీరలు నేస్తున్నవ్ గద. మనింట్ల ఒక్కటన్న ఉన్నదా?”

పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే నాడె అనంతమ్మ చేతిలో ఆగింది. మగ్గం మీది చీర కూడా రేపు పూర్తవుతుంది, ఎల్లుండి సేటు పట్టుకుపోతాడు.

ఆమె లేచి వచ్చి మనవరాలి పక్కన చతికిలబడింది.

“జర ఇటియ్యి. నీది ఏడాది ఆటనే. నాది నలభై ఏండ్లది.”