ఇవాకిరి పేరున్న గుడ్డ

నిన్న సాయంత్రం నల్ల కారు వచ్చిందట. సూటేసుకున్న మనిషొకడు మిఠాయి డబ్బా పట్టుకుని దిగాడట. ఫుట్‌బాల్ ఆడే ఇవాకిరి గదిలో గంటసేపు కూర్చున్నాడట. కింది వాటాలో ఉండే కువామోతో గారి భార్య పొద్దున్నే చేపల దుకాణంలో ఈ మాట వదిలింది. పదింటికల్లా అది మంగలి షాపు దాటి, తపాలా ఆఫీసు దాటి, రేవు వీధి చివర బట్టలు బాగుచేసే ఇత్సుయో కుట్టుమిషను దాకా వచ్చేసింది. వచ్చేలోపు దానికి తోక కూడా మొలిచింది. ఇవాకిరి పెట్టె సర్దేశాడట, రేపే రైలెక్కుతాడట.

మూడింటికి ఇవాకిరి తలుపు పక్కకు జరిపి చూస్తే, ఇత్సుయో నేల మీద కూర్చుని బ్యానర్ కుట్లు విప్పుతోంది. ఐదు మీటర్ల నల్లగుడ్డ. దాని మీద, పడవలకు కట్టే జెండాలు కత్తిరించి కుట్టిన ఎర్రటి అక్షరాలు. అతని పేరే. మొదటి అక్షరం అప్పటికే ఊడి పక్కన పడుంది.

"అదేంటి పెద్దమ్మా, నేనేమైనా చచ్చిపోయానా?"

"చస్తే ఉంచేదాన్ని," అంది తలెత్తకుండా. "బూట్లు అక్కడే విప్పు. ఊళ్లో మంచునంతా నా ఇంట్లోకే తెస్తున్నావు."

అతను బూట్లు విప్పి స్టవ్ పక్కన చతికిలపడ్డాడు. ముప్ఫై రెండేళ్ల మనిషి. జపాను మూడో డివిజన్ ఫుట్‌బాల్‌లో డిఫెండర్. పొద్దున చేపల ఫ్యాక్టరీలో పెట్టెలు మోసి, మధ్యాహ్నం ప్రాక్టీసుకు పోతాడు. చేతుల వాసన వదలడానికి రెండుసార్లు సబ్బు రుద్దినా వదలదు. పోయిన ఆదివారంతో సీజన్ అయిపోయింది. ఇరవై జట్లలో ఈ ఊరి జట్టుది పదిహేడో స్థానం. చివరి ఆట వానలో ఏడొందల మంది చూశారు.

గోలు కొట్టేవాళ్లకు అభిమానులు పాడే పాటలుంటాయి, డప్పులుంటాయి. ఇవాకిరికి పాట లేదు. ఇత్సుయో కుట్టిన ఈ గుడ్డ ఒక్కటే ఉంది. మార్చి నుంచి ప్రతి ఆటకూ అది స్టాండు ముందు కమ్మీకి కట్టి ఉండేది. జూన్‌లో తొమ్మిది గంటలు బస్సులో పోయి ఆడాల్సి వస్తే, వీళ్ల తరఫు స్టాండులో ఇత్సుయో ఒక్కతే కూర్చుంది. ఓడిపోయాక ఆటగాళ్లందరూ వరుసగా నిలబడి, ఆ ఒక్క మనిషికే నడుములు వంచి దండం పెట్టారు. ఆవిడ గొడుగు కింద అన్నం ముద్ద నములుతూ తలూపింది. ఆగస్టులో ఇవాకిరి సెల్ఫ్ గోల్ వేసుకున్న రోజు జనం ముఖాలు తిప్పుకున్నారు. గుడ్డ మాత్రం కమ్మీ దిగలేదు. పండగ సెలవుల్లోనూ ఫోన్ మోగని గదిలో పడుకుని, అతను ఆ ఎర్ర అక్షరాలనే తలుచుకునేవాడు.

"కారులో వచ్చినవాడిది రెండో డివిజన్ జట్టా?" అడిగింది ఇత్సుయో.

"అవును. వాళ్ల డిఫెండర్‌కి మోకాలు దెబ్బతింది. రెండేళ్ల ఒప్పందానికి సంతకం పెట్టమన్నారు."

"చేపల పెట్టెలు మొయ్యక్కర్లేదన్నమాట."

"అక్కర్లేదు."

"ఇంకేం! పోయేవాడివి చెప్పి పోదామని వచ్చావు. మీ అమ్మ బాగానే పెంచింది. ఆ కొస కాస్త పట్టుకో, రెండో అక్షరం తేలిగ్గా ఊడుతుంది."

ఇవాకిరి కొస పట్టుకోలేదు.

"రానని చెప్పేశాను పెద్దమ్మా. పొద్దున ఏడింటికే ఫోన్ చేశాను."

కత్తెర ఆగిపోయింది.

"మళ్లీ చెప్పు."

"రానన్నాను. సరే, మీ తర్వాత ఇంకొకరు ఉన్నారు, వాళ్లను అడుగుతాం అన్నారు. పన్నెండింటికల్లా ఆ ఇంకొకడి ఫొటో కూడా నెట్‌లో పెట్టేశారు."

"పిచ్చి సన్నాసీ!" అంది ఇత్సుయో. తిట్టిందే గానీ, ముఖంలో సంతోషం దాచుకోలేకపోయింది. ఊడదీసిన అక్షరాన్ని తెచ్చి ఎక్కడిదక్కడ పరిచింది. ముడతలు అరచేత్తో సాపు చేసింది. టీ పెడతానని లేచి, రెండో కప్పు ఎక్కడుందో వెతకడానికి చాలాసేపు పట్టి, చివరికి అలమార అడుగునుంచి తీసి దుమ్ము కడిగింది. టీతోపాటు ఊరబెట్టిన ముల్లంగి ముక్కలు కూడా ముందుకు తోసింది.

"నీ వయసుకి ఇంకెవరైనా వచ్చి అడుగుతారనుకున్నావా?"

"లేదు. ఇదే ఆఖరు."

"తెలిసే వదులుకున్నావా? ఎందుకురా?"

ఇవాకిరి వేడి కప్పును రెండు చేతుల్లో పట్టుకున్నాడు. ఈ మాట ఎలా చెప్పాలో దారంతా కూడబలుక్కుంటూ వచ్చాడు.

"పదేళ్లలో ఐదు జట్లు మారాను పెద్దమ్మా. ఎక్కడైనా చొక్కా మీద అంకెనే. ఎవరూ నా పేరు గుడ్డ మీద కుట్టలేదు. అక్కడికి పోతే మళ్లీ అంకెనే అవుతాను. ఇక్కడ ఒక్కరైనా నా ఆట చూస్తున్నారు కదా, ఆ ఒక్కరి కోసం ఆడితే చాలనిపించింది."

ఇత్సుయో సూదిలోకి ఎర్రదారం ఎక్కించి, అక్షరం మూల దగ్గర మొదటి కుట్టు వేసింది.

అతనికి ఇంకొక్కటి అడగాలని ఉంది. సిగ్గుపడి, ముల్లంగి ముక్క నమిలి మింగి, అడిగేశాడు.

"జట్టులో ఇరవై ఎనిమిది మంది ఉన్నాం. నన్నే ఏరి కుట్టావు. నా ఆటలో ఏం చూశావు పెద్దమ్మా?"

ఇత్సుయో దారం పంటితో తెంపింది.

"నీ ఆటలో ఏముందిరా? అంతకుముందు ముగ్గురికి కుట్టాను, ముగ్గుర్నీ పెద్ద జట్లవాళ్లు ఎగరేసుకుపోయారు. ఈసారి ఎవరూ అడగనివాడెవడా అని వెతికి నీకు కుట్టాను."