జోలపాట డిస్కు

మెర్లిన్‌కి ఉన్న పెద్ద భయం ఒక్కటే. తను పక్కన లేకపోతే మూడేళ్ళ కూతురు కెజియా మధ్యాహ్నం నిద్రపోదు. నిద్రపోకపోతే ఏడుస్తుంది. ఏడ్చి ఏడ్చి తిన్నదంతా కక్కేస్తుంది.

రేపు మధ్యాహ్నం రెండున్నరకి జగ్గయ్యపేటలో ఓపెన్ టెన్త్ లెక్కల పరీక్ష. పోయినసారి పాప ఏడుపు ఫోన్లో విని, పరీక్ష గేటు దగ్గర్నుంచే నందిగామ బస్సెక్కి వచ్చేసింది. రేపు కూడా అలాగే అయితే ఇక జన్మలో పుస్తకం ముట్టదు. ఆ సంగతి ఆమెకి తెలుసు.

అందుకే గాంధీ సెంటర్లో దేవరాజ్ ఫొటో స్టూడియోకి వచ్చి, కౌంటర్ మీద డిస్కుని ఠక్కున పెట్టింది.

“ఆడలేదన్నయ్యా.”

దేవరాజ్ డిస్కుని ట్యూబ్‌లైటుకేసి ఎత్తి చూశాడు. “ఒక్క గీత కూడా లేదే! నా కంప్యూటర్లో శుభ్రంగా ఆడింది చెల్లెమ్మా. నువ్వూ చూశావుగా?”

“మా పాప మీ కంప్యూటర్ ముందు పడుకోదు కదన్నయ్యా. మా బ్లూరే ప్లేయర్లో పెడితే కాసేపు గిర్రుమని తిరిగి, చదవలేనని టీవీలో రాస్తోంది.”

“ఈ రోజుల్లో డిస్కులెవరు అడుగుతున్నారు? పెళ్ళి వీడియోలే పెన్‌డ్రైవ్‌లో ఇస్తున్నా. ఆ ప్లేయర్‌కి పెన్‌డ్రైవ్ పెట్టే కంత ఉండాలే!”

“ఉండేది. అందులో మా పాప కందిపప్పు కుక్కింది.”

“పోనీ ఫోన్లో చూపించొచ్చుగా?”

“నా ఫోన్ నాతో వస్తుంది. ఆయన డ్యూటీలో ఉంటారు. మా అత్తయ్యది బటన్ల ఫోను. ఆవిడకి వచ్చిందల్లా డిస్కు పెట్టడం, తీయడం. అది చాలనే కదా మీ దగ్గరికొచ్చా!”

దేవరాజ్ డిస్కుని అటూ ఇటూ తిప్పి నాలిక్కరుచుకున్నాడు.

“తప్పు నాదే. నీ ఫోన్లో వీడియోని ఉన్నదున్నట్టు ఇందులోకి ఎక్కించి వదిలేశా. కంప్యూటరైతే ఎలా ఇచ్చినా తీసుకుంటుంది, ప్లేయర్ తీసుకోదు. వీడియో డిస్కులాగా మార్చి రాయాలి. రాశాక ఫైనలైజ్ చెయ్యాలి. అంటే ఇక ఇందులో రాసేదేం లేదని మూత పెట్టెయ్యడం. చేసి చాలా కాలమైంది, మర్చేపోయా.”

“ఈసారి మూత గట్టిగా పెట్టండన్నయ్యా.”

కంప్యూటర్ తెర మీద మెర్లిన్ కనిపించింది. మంచం మీద పక్కకి ఒత్తిగిలి, పాప వీపు అనుకుని తలగడని మెల్లగా తడుతూ జోలపాట పాడుతోంది.

“పదకొండు నిమిషాలే ఉంది. సరిపోద్దా?”

“అదే ఆరుసార్లు వరసగా రాయండి. మధ్యలో ఆగిందంటే కళ్ళు తెరుస్తుంది.”

“పరీక్షకి చదివావా, ఈ వీడియోలు తీసుకుంటూ కూర్చున్నావా?”

“తలగడకి జో కొడుతూనే సూత్రాలు బట్టీపెట్టా.”

దేవరాజ్ నవ్వి కొత్త డిస్కు తీశాడు.

సాయంత్రం ఇంట్లో డిస్కు పెట్టగానే టీవీలో బొమ్మ వచ్చింది. మెర్లిన్ గుండె మీద చెయ్యి వేసుకుంది. అత్తగారు రత్నమణి మాత్రం మూతి తిప్పింది.

“ముగ్గురు పిల్లల్ని పెంచినదాన్ని. నా మీద నమ్మకం లేక నీ సినిమా పెట్టి పోతున్నావా అమ్మాయ్?”

“మీ మీద నమ్మకం లేక కాదత్తయ్యా. నిద్ర ముంచుకొచ్చేదాకా అది నా చెయ్యి వదలదు.”

“ఇక్కడ నేను చూసుకుంటాగా! నువ్వెళ్ళి రాసిరా. పాసయ్యావంటే నీ మార్కుల కాయితం ఫ్రేము కట్టించి, చేత్తో పట్టుకుని మన వీధంతా తిరుగుతా.”

మర్నాడు రెండుంపావుకి మెర్లిన్ జగ్గయ్యపేటలో పరీక్ష గేటు దగ్గర నిలబడింది. చేతిలో హాల్ టికెట్ చెమటకి మెత్తబడింది.

“ఫోన్లు లోపలికి తేకూడదమ్మా. ఇక్కడిచ్చి వెళ్ళండి,” అన్నాడు వాచ్‌మన్.

“ఒక్క నిమిషం బాబాయ్, ఒకే ఒక్క ఫోను!”

అవతల మోగింది. చాలాసేపు మోగింది. మెర్లిన్ కళ్ళు రోడ్డు మీద నందిగామ బస్సు కోసం వెతికాయి. అప్పుడు ఎత్తారు. ముందు టీవీలోంచి తన పాట తనకే వినిపించింది. దాని వెనక సన్నగా గురక. పొద్దుటినుంచీ పాపకి ముక్కు కారుతోంది, అందుకే గురక వస్తోందనుకుంది.

“పాప పడుకుందా?”

“ష్...” అని గుసగుస. “బజ్జుంది.”

“ఏడ్చిందా?”

“లేదు.”

“అన్నం తిన్నదా?”

“ఊఁ. ష్...”

రోడ్డు మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. లోపల గంట మోగింది.

“సరే సరే, ఇంక మాట్లాడను. దుప్పటి కప్పండి.”

“కప్పా.”

మెర్లిన్ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఫోన్ వాచ్‌మన్ చేతిలో పెట్టి, గబగబా లోపలికి వెళ్ళి తన నంబరున్న బెంచీలో కూర్చుంది. ప్రశ్నాపత్రం ఇచ్చారు. మొదటి లెక్క వచ్చు. రెండోదీ వచ్చు. మూడోది చూసి నవ్వుకుంది కూడా. తల వంచి రాస్తూనే ఉంది.

అయిదున్నరదాకా ఆమె బయటికి రాదు. ఆమెనేమీ కదిలించకండి. కానీ మీలో ఎవరైనా నందిగామలో ఉంటే, పుణ్యముంటుంది, ఒక్కసారి ఆ ఇంటికి వెళ్ళి కెజియాని చూసి రండి. పాటకి నిద్రపోయి గురక పెడుతున్నది నానమ్మ. ఆమెకి దుప్పటి కప్పి, ఫోనెత్తి గుసగుసలాడింది ఆ పిల్లే.