చెక్కాయన చెయ్యి

బ్రష్షు చేతిలోంచి జారి నేల మీద పడింది. ఆ ఉదయం అలా పడటం అది మూడోసారి.

“ఛీ! దరిద్రపు చెయ్యి!” అన్నాడాయన, పక్కగదిలోకి వినబడేంత గట్టిగా.

వీధిలో అందరూ ఆయన్ని చెక్కాయన అనేవారు. నిజానికి జన్మలో ఒక్క చెక్క ముక్క కోసిన పాపాన పోలేదు. అరచేతిలో ఇమిడే బొమ్మకార్లకు రంగులు వేయడం ఆయన పని. పూర్వం కొన్ని కార్లకు పక్కలంతా చెక్క పలకలే ఉండేవి. అలాంటి కార్ల నమూనాలు లోహంతో పోతపోసి వస్తే, ఆ లోహం మీద చెక్కను పుట్టించేవాడు. ముందు లేత గోధుమరంగు పూత. అది ఆరాక, దాదాపు పొడిగా ఉన్న బ్రష్షుతో ముదురు చారలు. చూసినవాళ్లు నమ్మలేక గోటితో గీకి మరీ ముక్కున వేలేసుకునేవారు.

పక్కగదిలో ఆయన భార్య గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పంతొమ్మిదేళ్ల కూతురు జ్వరంతో ఆసుపత్రికి వెళ్లి తిరిగి రాలేదు. పద్నాలుగు నెలలైంది. అప్పటినుంచి ఆమెకు ఆ మంచమే లోకం. ఎవరైనా పెడితే రెండు ముద్దలు తినడం, మళ్లీ గోడవైపు తిరగడం. చుట్టాలు వచ్చి చెప్పారు. డాక్టర్లు చెప్పారు. ఎవరి మాటా చెవికెక్కలేదు.

బ్రష్షు అలా పడుతూనే ఉంది. నాలుగో రోజు ఏకంగా రంగు సీసానే పడి భళ్లున పగిలింది. ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“ఏంటండీ ఆ గోల?”

“చెయ్యి నా మాట వినట్లేదే. డాక్టరుకి చూపించాను. నరాల జబ్బట, మందు లేదట. ఈ కారు తలుపొక్కటి కదలకుండా పట్టుకుంటావా?”

పట్టుకుంది. మర్నాడు ఆయన మణికట్టు పట్టుకుంది. ఆ మర్నాడు విసుగొచ్చి బ్రష్షే లాక్కుంది.

“ఇలా ఇవ్వండి. మీరు గీస్తే తెల్లారినట్టే!”

ఆమె గీసిన మొదటి చారలు అచ్చం జీబ్రా ఒంటి మీద చారల్లా ఉన్నాయి. ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు.

“నవ్వితే మీరే గీసుకోండి.”

“నవ్వను తల్లీ, నవ్వను. నువ్వు గీతలు గీస్తున్నావు, అదే తప్పు. చెట్టు పెరుగుతోందనుకో. ఒక్కో గీతా ఒక్కో ఏడాది. వానలు పడిన ఏడు ఎడంగా, కరువు ఏడు దగ్గర దగ్గరగా.”

ఇక ఆమెకు పడుకునే తీరిక లేకపోయింది. పొద్దున్నే లేచి ఆయన చొక్కా గుండీలు పెట్టాలి. ఒలకకుండా గ్లాసులో సగమే టీ పోసివ్వాలి. తొమ్మిదయ్యేసరికి బల్ల ముందు కూర్చోవాలి. చెయ్యి ఆమెది, నోరు ఆయనది.

“తేలిగ్గా... పిల్లి వీపు నిమిరినట్టు. బ్రష్షు తుడిచావా? ముందు తుడువు.”

“అబ్బబ్బ, చెయ్యి పోయిందని నోటితో కూడా మీరే గీసేలా ఉన్నారే!”

ఒకరోజు చెక్కలో ముడి ఎలా గీయాలో చూపించాడు. “ఇక్కడ బ్రష్షు మొనని గుండ్రంగా తిప్పు. మిగతా గీతలన్నీ దాని పక్కనుంచి వంగి పోవాలి.”

“ఎందుకూ?”

“అక్కడొక కొమ్మ ఉండేది.”

ఆమె బ్రష్షు కింద పెట్టింది. కూతురు పోయిన రోజున కూడా కంట తడి పెట్టని మనిషి, బల్ల మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు. పక్కనే కూర్చుని తనూ ఏడ్చాడు. మధ్యాహ్నం దాటాక ఆమె మొహం కడుక్కుని వచ్చి, ముడి చుట్టూ గీతలు వంచడం మొదలుపెట్టింది.

ఏడాది గడిచింది. తయారైన కార్లు పెట్టెలో సర్ది ఇస్తే, బస్సెక్కి ఆయనే దుకాణంలో ఇచ్చి వచ్చేవాడు. “నువ్వు గీసినవని చెప్తే ఎవరూ నమ్మరే” అని మురిసిపోయేవాడు.

ఓ మధ్యాహ్నం ఆమె కారు వెనక తలుపు గీస్తోంది.

“ఈ ముదురు చాలా, ఇంకో పూత వేయనా?”

జవాబు లేదు.

“మిమ్మల్నే!”

తలెత్తి చూసింది. ఆయన పక్క కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నాడు. మోకాలి మీద చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. గుండె ఆగిపోయిందన్నారు.

ఈసారి ఆమె గోడవైపు తిరిగితే ఇక లేవదని అందరూ భయపడ్డారు. మొదటి వారం అలాగే పడుకుంది. రెండో వారమూ అంతే. మూడో వారం ఓ ఉదయం తొమ్మిదింటికి లేచి బల్ల ముందు కూర్చుంది. ఏ పూతకు ఆ పూత ఆరేదాకా ఆగుతూ, సగంలో ఉన్న కారు పూర్తి చేసింది. దాన్ని గుడ్డలో చుట్టుకుని, మొదటిసారి తనే బస్సెక్కి దుకాణానికి వెళ్లింది.

దుకాణం పెద్దాయన కారును భూతద్దం కింద అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన కళ్లు చెమర్చాయి.

“అదే పనితనం! పోయేముందు దీన్ని పూర్తి చేశాడన్నమాట.”

“ఇది నేను గీసింది అన్నయ్యా. ఏడాదిగా వచ్చినవన్నీ నేను గీసినవే. ఆయన చెయ్యి వణికిపోయేది కదా, మీకు చెప్పలేదా?”

పెద్దాయన భూతద్దం పక్కన పెట్టి, అర్థం కానట్టు ఆమె వైపు చూశాడు.

“వణకడమేంటి చెల్లెమ్మా, పోయేముందు రోజు కూడా ఇదిగో ఈ స్టూలు మీదే కూర్చుని, నా కళ్లముందే బొమ్మకారు స్టీరింగు మీద వెంట్రుకంత సన్నటి చారలు ఇరవై గీసిచ్చాడు, ఒక్కటీ చెదరలేదు.”