అరవై ఒకటోది

“అరవై దొరికాయండీ. అరవై ఒకటోదే దొరకడం లేదు,” అంది ఇంజినీరు, భోజనాల బల్ల మీద కాగితం పరుస్తూ.

పెద్దాయనకు ముందు కనబడినవి కాగితం మూలనున్న అక్షరాలు. ఇరవై మూడేళ్ల వయసులో తను పెన్సిలుతో రాసినవి. ఏ బీరువాలోనో చెదలు తినేసి ఉంటాయని నలభై ఆరేళ్లుగా నమ్ముకున్న పటం అది. చచ్చాడనుకున్న మనిషి వచ్చి తలుపు తట్టినట్టయింది.

“ఇది గీసింది మీరేనా?”

“నేనే.”

“కింద గజంబద్ద అని సంతకం ఉంది.”

ఆయన భార్య టీ కప్పులు పెడుతూ నవ్వింది. “పటాలంలో ఈయన ముద్దుపేరమ్మా. అడుగేస్తే కొలిచినట్టు పడేదట. ఇప్పటికీ వీధి చివర దుకాణానికి ఎన్ని అడుగులో చెబుతారు. అక్కడికెళ్లి ఏం తేవాలో మాత్రం మరిచిపోతారు.”

ఇంజినీరు నవ్విందిగాని వేలు పటం మీంచి తీయలేదు. యుద్ధకాలంలో ఏటి ఒడ్డున పాతిన మందుపాతరలను తీయించడం ఆమె ఉద్యోగం. ఆమె పనివాళ్లు మోకాళ్ల మీద కూర్చుని, నేలను జానెడు జానెడుగా గుచ్చి చూస్తారు. లెక్క తేలితేగాని, ఇళ్లు వదిలిపోయిన వాళ్లను మళ్లీ ఆ ఒడ్డుకు రానివ్వరు.

“అరవై మీ పటంలో ఉన్నచోటే ఉన్నాయి. బెత్తెడు తేడా లేదు. చివరిది ఉండాల్సిన మూలలో ఏమీ లేదు. ఏరు పొంగినప్పుడల్లా అక్కడి మట్టి కోసుకుపోయింది.”

“అయితే అదీ కొట్టుకుపోయి ఉంటుంది.”

“నా భయమూ అదే. కొట్టుకుపోయి ఎక్కడ ఆగిందో. దిగువ ఒడ్డంతా వెతకాలి. పోయిన వారం యాభై ఎనిమిదోది తీస్తుంటే మా వాడొకడికి చెయ్యి పోయింది.”

“ఎంతవరకు?”

“మణికట్టు దాకా. వాడికింకా ముప్పై నిండలేదు.”

ఏ యుద్ధమూ లేని ఒక మామూలు రోజున, ముఖం కూడా తెలియనివాడి చెయ్యి. పెద్దాయనకు బాధ కలగలేదు, చెవుల్లో హోరు మాత్రం మొదలైంది. దెబ్బ తగిలిన క్షణంలో నొప్పి ఉండదని ఆయనకు తెలుసు. అది తర్వాత, నింపాదిగా నడిచొస్తుంది.

“మీరొక్కరే పాతారా?” అని అడిగింది ఇంజినీరు.

“ఇద్దరం. ఒకడు గట్టు మీద నిలబడి అడుగులు లెక్కపెట్టి చెప్పాలి. రెండోవాడు పూడ్చాలి. పూడ్చినవాడు తన అడుగుల జాడ చీపురుతో చెరుపుకుంటూ వెనక్కి నడిచి రావాలి. వాడికి వీపున కళ్లుండవుగా. గట్టు మీదివాడి మాటే వాడికి కళ్లు.”

“ఆ రెండో ఆయన ఉన్నారా?”

“మా అన్నయ్యే,” అంది భార్య. “ఆ రోజే ఫిరంగి గుండు తగిలి పోయాడు. ఈయనే భుజాన వేసుకుని మూడు మైళ్లు మోసుకొచ్చారు. ఆ తర్వాత నెలనెలా వచ్చేవారు. మా పైకప్పు బాగుచేశారు, అమ్మని ఆసుపత్రికి తిప్పారు. కొడుకు పోయి కొడుకొచ్చాడనేది అమ్మ. ఆఖరికి నన్నూ అంటగట్టింది.”

ఈ కథ ఆమె ఎందరికో చెప్పింది. చెప్పినప్పుడల్లా ఆయన కిటికీలోంచి బయటకు చూస్తాడు. అందరూ దాన్ని వినయమనుకుంటారు.

“వెతకొద్దు,” అన్నాడు పెద్దాయన, ఈసారీ కిటికీ వైపే చూస్తూ. “అది అక్కడ లేదు. ఎక్కడా లేదు.”

“ఎలా చెప్పగలరు?”

“మా పై అధికారి తీయించేశాడు.” అబద్ధం అంత తేలిగ్గా తయారై నోట్లోంచి వచ్చేసరికి ఆయనే విస్తుపోయాడు.

“తీయిస్తే దస్త్రంలో ఉండాలి బాబాయిగారూ. లేదు, నేను చూశాను. ఎవరో తీశారన్న ఉత్త మాట మీద పనివాళ్లను లేపి పంపలేను. ఏం జరిగిందో మీ కళ్లతో చూసింది చెప్పండి, రాసుకుంటాను. లేదంటే రేపు పొద్దున్నే ఆ పదిమందీ మళ్లీ మోకాళ్ల మీద కూర్చోవాల్సిందే.”

ఆమె కలం మూత తీసి కూర్చుంది. పెద్దాయన పెదవులు ఏదో లెక్కపెడుతున్నట్టు కదులుతున్నాయి.

భార్య వెనక నుంచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. “చెప్పేయండి. ఎవరికి మాటొస్తుందని దాస్తున్నారు? పోయినవాళ్లు ఎలాగూ పోయారు. వీళ్లు పిల్లలు గలవాళ్లు. ఈ వయసులో మిమ్మల్ని ఎవరేమంటారు?”

ఆయన ఆ చేతిని మెల్లగా భుజం మీంచి తీశాడు. పక్క కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టాడు. కలం పట్టుకున్న మనిషి వైపు కాక, ఆమె వైపు తిరిగాడు.

“అది ఆ రోజే మీ అన్నయ్య కాలికింద పేలింది.”